మూరెడు చెక్క

ఆ బడిలో తలనొప్పి మధ్యాహ్నం రెండు దాటాకే పుట్టేది. పొద్దున అసెంబ్లీ వేళ ఒక్కరికీ ఉండేది కాదు, పదకొండింటికీ ఉండేది కాదు. భోజనాలయ్యి, మళ్ళీ క్లాసులు మొదలై, రెండో గంట కొట్టాక ఒక్కొక్కరే కణతలు పట్టుకుని మెట్ల కింది గదికి బయలుదేరేవారు. మూడున్నరయ్యేసరికి ఆ గదిలో ఉన్న రెండు మంచాలూ నిండిపోయేవి. మిగిలినవాళ్ళు బల్ల మీద ఇద్దరు, కిటికీ గట్టు మీద ఒకరు సర్దుకునేవారు. వచ్చేవాళ్ళలో నూటికి ఎనభై మంది ఆడపిల్లలు.

ఆ గది నర్సమ్మది. పంతొమ్మిదేళ్ళుగా ఆమెదే. ఒక సింకు, గాజు తలుపుల బీరువా, ఎవరెక్కినా అరకిలో ఎక్కువ చూపించి ఏడిపించే బరువుల యంత్రం, ఒక పెద్ద రిజిస్టరు. ఎవరొచ్చినా పేరు, క్లాసు, బాధ, వచ్చిన టైము రాయనిదే మందుబిళ్ళ చేతికిచ్చేది కాదు. నర్సమ్మకి ముక్కు మీద కోపం. పరీక్ష ఎగ్గొట్టడానికి కడుపునొప్పని వచ్చినవాడిని ఒక్క చూపు చూసి, నోరు తెరవకుండానే వెనక్కి పంపేది. నిజంగా జ్వరం తగిలిన పిల్ల తల నిమిరేటప్పుడు మాత్రం ఆ కోపం ఏ బీరువాలోకి దూరేదో ఎవరికీ తెలియదు.

నెల మొదటి తారీఖున పెద్ద మేడమ్ ఆ గదికి వచ్చింది. బడికి పెద్ద ఆవిడే. చెడ్డ మనిషేం కాదు, కానీ ఒకసారి ఒకటి అనుకుందంటే ఇక దాని మీద నుంచి దిగదు.

"నిన్న ఒక్కరోజే ఇరవై మూడు తలనొప్పులు. మనది బడా, ఆసుపత్రా నర్సమ్మా?"

"వచ్చినవాళ్ళని పొమ్మనలేను కదా మేడమ్."

"నేనేమనుకుంటున్నానో చెప్పనా? ఇక్కడ మంచం ఉంది కాబట్టి వాళ్ళకి తలనొప్పి వస్తోంది. మంచం తీసేస్తే అదీ పోతుంది."

ఈ లెక్కన గొడుగులు తీసేస్తే వానలు పోవాలి. నర్సమ్మ ఆ మాట పెదాల దాకా తెచ్చుకుని మింగేసింది. పెద్ద మేడమ్ గదంతా ఒకసారి కలియజూసి, ప్రశ్నపత్రాలు దాచడానికి వేరే గది లేదనీ, నెలాఖరుకి ఈ అంకె సగానికి దిగకపోతే మంచాలు తీయించి ఇక్కడ ఇనప బీరువాలు పెట్టిస్తాననీ చెప్పింది. నర్సమ్మకి లైబ్రరీలో ఒక మూల బల్ల ఇస్తారట, ప్రథమ చికిత్స పెట్టె దాని మీద పెట్టుకోవచ్చట.

లైబ్రరీ మూల బల్ల మీద ఒళ్ళు కాలిపోతున్న పిల్లని ఎలా పడుకోబెడతారో ఆవిడ చెప్పలేదు. నర్సమ్మా అడగలేదు.

మర్నాటి నుంచి ఆమె తలనొప్పి మీద పడింది. అక్షరాల అట్ట తగిలించి అందరి కళ్ళూ పరీక్షించింది. టిఫిన్ డబ్బాలు మూతలు తీయించి చూసింది. క్లాసుల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో, బోర్డు మీద ఎండ పడుతోందో లేదో స్వయంగా వెనక బెంచీలో కూర్చుని చూసింది. లెక్కల సారు ఆమెని చూసి, "ఏం నర్సమ్మా, మళ్ళీ చదువుకుందామనా?" అని నవ్వాడు. వారం గడిచింది గానీ ఏమీ తేలలేదు. అంకె ఇరవై మూడు నుంచి ఇరవై నాలుగైంది.

ఎనిమిదో రోజు ఇద్దరు ఆడపిల్లలు మూడోదాన్ని మోసుకుంటూ వచ్చారు. ఆ మూడోదాన్ని బడంతా సైకిల్ అని పిలుస్తారు. ఏడో క్లాసులో ఉండగా, ఆటల సారు సైకిలు తొక్కుతూ పోతుంటే పరిగెత్తి దాటేసిందట, అప్పట్నుంచి అదే పేరు. ఇప్పుడు తొమ్మిదో క్లాసు. నెలాఖరున ఆటల పోటీలున్నాయి, ఎనిమిది వందల మీటర్లలో ఈ పిల్ల మీదే అందరి ఆశ. రెండో చుట్టు తిరుగుతూ కళ్ళు తిరిగి పడిపోయిందని మోసుకొచ్చినవాళ్ళు చెప్పారు.

నర్సమ్మ మంచం మీద పడుకోబెట్టి కాళ్ళ కింద దిండు పెట్టింది. పెదాలు ఎండి అట్ట కట్టాయి. "నీళ్ళేవి?" అంటే ఒక పిల్ల సంచీలోంచి సీసా తీసి ఇచ్చింది. నర్సమ్మ గోడ గడియారం చూసింది. మూడు గంటల పది నిమిషాలు. చేతిలో సీసా చూసింది. అంచు దాకా నిండుగా ఉంది.

"ఇది ఇప్పుడు నింపారా?"

"కాదండీ. పొద్దున వాళ్ళమ్మ నింపిందే."

మిగతా ఇద్దరినీ పంపేసి, సైకిల్ చేత చెంచాతో కొద్దికొద్దిగా నీళ్ళు తాగించింది. పిల్ల కాస్త తేరుకున్నాక మంచం అంచున కూర్చుంది.

"ఏమ్మా, పొద్దున్నుంచి చుక్క తాగలేదా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"దాహం వేయదా?"

"వేస్తుందండీ."

"మరి?"

సైకిల్ సంచీ అడుగు నుంచి నాలుగు మడతలు పెట్టిన డాక్టరు చీటీ తీసి ఇచ్చింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఈ ఏడాది ఇది మూడోసారి. నీళ్ళు తాగడం లేదు, వచ్చినప్పుడు వెళ్ళకుండా ఆపుకుంటోంది, అని రాసి ఉంది. ఇంకోసారి ఇలా అయితే పరుగులు మాన్పించేస్తానని నాన్న అన్నాడని పిల్ల చెప్పింది. చెప్పి కిటికీ వైపు తిరిగింది.

"ఎందుకు ఆపుకుంటావు? బాత్‌రూమ్ ఉంది కదా."

"ఉంది. కానీ చెక్క పట్టుకెళ్ళాలి కదండీ."

"పట్టుకెళితే?"

ఆ పిల్ల నర్సమ్మ కేసి వింతగా చూసింది, ఈ మాత్రం తెలియదా అన్నట్టు. తర్వాత పిడికిలితో మంచం పట్టె మీద కొట్టి చూపించింది. టక టక, టక్. టక టక, టక్.

ఆ దరువు నర్సమ్మ రోజూ వింటూనే ఉంది. మెట్ల కింద కూర్చుంటే పైన వరండా నుంచి వినపడుతుంది. కుర్రాళ్ళు ఆడుకుంటున్నారనుకునేది. ఇప్పుడు సంగతంతా బయటపడింది. ఆఫీసు గదిలో కొక్కేనికి తగిలించిన బాత్‌రూమ్ తాళంచెవికి మూరెడు పొడవు ఎర్ర చెక్క కట్టి ఉంటుంది. అది పట్టుకుని వరండా పొడుగునా ఆరు క్లాసుల కిటికీల ముందు నుంచి నడవాలి. చెక్క కనపడగానే లోపల బెంచీలు మోగుతాయి. భోజనాల వేళ ఇంకా ఘోరం, గుంపంతా బయటే ఉంటుంది. ఆలస్యమైతే ఎంతసేపయిందో అంకెలు కూడా లెక్కపెడతారు. నెలలో ఆ రోజుల్లో రెండుసార్లు వెళ్ళాల్సొస్తే ఇక చెప్పక్కర్లేదు. మగపిల్లలు గోడ వెనక్కిపోయి పని కానిచ్చుకుంటారు. ఆడపిల్లలు నీళ్ళు మానేశారు.

"ఇన్నాళ్ళూ నాతో ఒక్కరూ చెప్పలేదేమే?"

సైకిల్ తల దించుకుంది. "మీతో ఎలా చెప్తామండీ. అది మీరు పెట్టిందే కదా. దాని మీద అక్షరాలు మీవేనని అందరికీ తెలుసు. మందు చీటీల మీద కూడా 'త'కి అలాగే తోక పెడతారు మీరు."

నర్సమ్మ బల్ల మీది మందు చీటీ ఒకటి తీసి చూసుకుంది.

నిజమే. పిల్లలు కుళాయిలు విరగ్గొడుతున్నారని బాత్‌రూమ్‌లకి తాళాలు వేసేవారు, ఆరేళ్ళ క్రితం ఒకే నెలలో నాలుగు తాళంచెవులు పోయాయి. టీచర్ల మీటింగులో అందరూ తలలు పట్టుకు కూర్చుంటే నర్సమ్మే లేచింది. "దానికింత చెక్క కట్టండి, ఎవడి జేబులో పడుతుందో చూద్దాం," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె భర్త వడ్రంగి. ఆయనే మగపిల్లలకొకటి, ఆడపిల్లలకొకటి, రెండు చెక్కలు నున్నగా చిత్రిక పట్టి ఇచ్చాడు. ఎర్ర రంగు ఆరాక, దాని మీద తెల్ల అక్షరాలతో 'బాత్‌రూమ్ తాళంచెవి' అని ఎంతో ముచ్చటగా రాసింది తనే. ఆ తర్వాత ఒక్క తాళంచెవీ పోలేదు. ఆ సంగతి ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకుందో లెక్కే లేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆయన పెరట్లో కుర్చీ కాలు బిగిస్తున్నాడు. నర్సమ్మ చెప్పుల్తోనే మెట్టు మీద కూలబడి జరిగింది చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఆరేళ్ళపాటు పిల్లలకి తలనొప్పి తానే ఇచ్చి, తానే బిళ్ళలు పంచిపెట్టింది. అది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆయన సుత్తి కింద పెట్టాడు. "రాసింది నువ్వు, చెక్కింది నేను. చెరిసగం పంచుకుందాంలే. ముందు మీ మేడమ్‌కి చెప్పు."

"చెబితే ఏమంటుందో తెలుసా? ఆరేళ్ళుగా నీ చేతకానితనమేనన్నమాట, గది ఖాళీ చెయ్యి అంటుంది."

"అననీ. కానీ ఉత్తినే వింటే ఆవిడకి అర్థం కాదు. అర్థం కావాలంటే మోయాలి. నాకైనా మోస్తే గానీ తెలియదు." ఆయన గోడకి ఆనించిన పలక ఒకటి తీసి మూర వేసి చూశాడు. "రంగు మిగిలే ఉంది. ఇంకోటి చెయ్యమంటావా?"

నర్సమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, చెయ్యమంది.

మర్నాడు పెద్ద మేడమ్ బల్ల మీద ఆమె మూడు పెట్టింది: రిజిస్టరు, సైకిల్‌ని అడిగి తెచ్చిన నిండు సీసా, కొత్త చెక్క. తప్పు తనదేనని ముందే చెప్పేసింది. దాచుకోవడం ఆమెకి చేతకాదు.

పెద్ద మేడమ్ అంతా విని కళ్ళజోడు తీసింది. "ఆరేళ్ళలో ఒక్క తాళంచెవి పోయిందా? లేదు. ఒక్కరైనా ఫిర్యాదు చేశారా? లేదు. పిల్లలన్నాక నవ్వుతారు. నిజంగా అవసరమైనవాళ్ళు సిగ్గుపడరు, వెళతారు."

"అయితే మనమూ ఒకరోజు మోద్దాం మేడమ్. టీచర్ల బాత్‌రూమ్‌కి కూడా తాళం వేసి, దీన్ని ఆ కొక్కేనికే తగిలిద్దాం. దారి కూడా అదే. నేనూ మోస్తాను."

"ఇదేం పిల్లచేష్ట?"

"పిల్లల సంగతే కదా మేడమ్."

పెద్ద మేడమ్ కొత్త చెక్కని ఒకసారి చేత్తో ఎత్తి చూసింది. పంతం ఇద్దరిదీ ఒక తూకమే. "సరే. ఎల్లుండి. ఒక్కటే రోజు. నేనూ మోస్తాను, దాంట్లో ఏముంది. కానీ ఏమీ తేలకపోతే మాత్రం నెలాఖరు దాకా ఆగను, ఆ మర్నాడే గది ఖాళీ చేస్తారు. ఒప్పుకుంటారా?"

ఒప్పుకోక ఏం చేస్తుంది.

ఆ రోజు పొద్దున్నే నర్సమ్మ టీచర్ల గదికి కత్తెర, ప్లాస్టరు చుట్ట పట్టుకుని వెళ్ళింది. బల్ల మీద పద్నాలుగు నీళ్ళ సీసాలు వరసగా ఉన్నాయి. నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో అక్కడ ఒక్కో సీసాకీ తెల్ల ప్లాస్టరు ముక్క అంటించింది. పెద్ద మేడమ్ గదిలో ఉన్న సీసానీ వదలలేదు. తాళాలన్నీ చూసుకునే అటెండరు ముసలాయన్ని బడంతా తాళాల తాత అంటారు. ఆయన కొత్త చెక్కని కొక్కేనికి తగిలించి, "ఈ బడిలో నలభై తాళాలు వేశాను గానీ, ఇలాంటి తాళం ఎప్పుడూ వేయలేదమ్మా," అన్నాడు.

పదిన్నరకి మొట్టమొదట సైన్సు సారు లేచాడు. చెక్క చంకలో పెట్టుకుంటే అటూ ఇటూ పొడుచుకొచ్చింది, వీపు వెనక పెట్టుకుంటే ఇంకా బాగా కనపడింది. వరండా వెంట నడుస్తుంటే ఆరు క్లాసులూ చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దమైపోయాయి. సారు మీద దరువెయ్యడానికి ఎవరికి ధైర్యముంటుంది? కానీ మూడో కిటికీ దాటుతుండగా ఎక్కడో ఒక్క వేలు, ఒక్కసారి, బెంచీ మీద టక్ మంది. సైన్సు సారు చెవులదాకా ఎర్రబడి తిరిగొచ్చి, చెక్కని కొక్కేనికి విసిరినంత పని చేశాడు.

ఆ తర్వాత పదకొండింటికి నర్సమ్మ మోసింది. తన అక్షరాలు తనకే బరువనిపించాయి. ఆరు కిటికీలు అరవైలా సాగాయి. ఆమె తర్వాత ఇక ఎవరూ లేవలేదు. భోజనం దగ్గర లెక్కల సారు గ్లాసు నోటిదాకా తెచ్చుకుని, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ కింద పెట్టేశాడు.

మూడింటికి నర్సమ్మ గదిలో ఎప్పటిలాగే మంచాలు నిండాయి. ఆమె గడియారం చూస్తూ కూర్చుంది. ఇంకో గంటలో బడి వదిలేస్తారు. పెద్ద మేడమ్ వైపు నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. రేపు ఈ మంచాలు ఎటు మోస్తారో, ఆ పిల్లలు ఎక్కడ తల వాలుస్తారో అనుకుంటూ ఒక పిల్ల మీద దుప్పటి సర్దింది.

తలుపు తోసుకుని పెద్ద మేడమ్ వచ్చింది. రెండు వేళ్ళు కణత మీద ఉన్నాయి.

"నర్సమ్మా, ఒక బిళ్ళ ఇవ్వండి. తల పగిలిపోతోంది."

నర్సమ్మ రిజిస్టరు తెరిచింది. "రాయాలి మేడమ్. రాయకుండా ఇవ్వను." నెమ్మదిగా పైకే చదువుతూ రాసింది. "పెద్ద మేడమ్. తలనొప్పి. వచ్చిన టైము..."

ఇద్దరూ ఒకేసారి గోడ మీదికి చూశారు. మూడు గంటల పది నిమిషాలు.

పెద్ద మేడమ్ రిజిస్టరు తన వైపు తిప్పుకుంది. తన పేరు పైన ఇవాళ్టి పేర్లున్నాయి, వాటి పైన నిన్నటివి. మూడు, మూడుంబావు, మూడు పది, రెండు యాభై. పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది.

"నీళ్ళు తాగారా మేడమ్?" నర్సమ్మ మెత్తగానే అడిగింది.

"లేదు."

"ఏం?"

పెద్ద మేడమ్ రిజిస్టరు మూసేసింది. మంచం మీది పిల్లలు కిమ్మనకుండా చూస్తున్నారు. అప్పుడే, పొద్దున అనుకున్నట్టే, తాళాల తాత టీచర్ల సీసాలన్నీ పెద్ద పళ్ళెంలో పెట్టుకుని వచ్చి బల్ల మీద దించాడు, పైన మేడమ్ సీసా కూడా ఉంది. నర్సమ్మ చెప్పే అవసరమే లేకపోయింది. పదిహేను సీసాల్లో పదమూడింట నీళ్ళు ఇంకా ప్లాస్టరు అంచునే ఉన్నాయి.

"పొద్దున రెండుసార్లు లేచి కూర్చున్నాను," అంది పెద్ద మేడమ్ చివరికి, సీసాలకి చెబుతున్నట్టు. "నాకు యాభై ఆరేళ్ళు. ఈ బడిలో నన్ను చూసి నవ్వేవాళ్ళు లేరు. అయినా వెళ్ళలేకపోయాను. వీళ్ళకి పద్నాలుగేళ్ళు."

కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత మళ్ళీ పాత పెద్ద మేడమ్ అయిపోయింది. "ఆ తలుపులకి లోపల గడియలున్నాయా?"

"లేవు మేడమ్. బయట తాళం ఒక్కటే."

"రేపటికల్లా పెట్టించండి. బయటి తాళాలు తీసేయండి. కుళాయి విరిగితే బాగుచేయించుకుందాం." తాళాల తాత వైపు తిరిగింది. "ముందు ఆ చెక్క తెచ్చి ఇవ్వు. నన్ను వెళ్ళి రానివ్వు."

వడ్రంగి మర్నాడు తెల్లారకముందే గడియలు పట్టుకొచ్చి, మధ్యాహ్నానికి పన్నెండు తలుపులకీ బిగించాడు. అసెంబ్లీలో పెద్ద మేడమ్ రెండే మాటలు చెప్పి మైకు నర్సమ్మకిచ్చింది. పంతొమ్మిదేళ్ళలో ఆమె మైకు పట్టుకోవడం అదే మొదటిసారి. "ఆ అక్షరాలు నావి. తప్పు నాది. నన్ను క్షమించండి," అంది. "ఆ దరువు నేనూ ఆరేళ్ళు విన్నాను, ఏమిటని ఒక్కసారి మెట్లెక్కి చూడలేదు. ఇక వినపడితే మాత్రం ఊరుకోను." తొమ్మిదో క్లాసు వెనక వరసల్లో తలలు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

రోజువారీ తలనొప్పులు వారంలో తొమ్మిదికి దిగాయి, రెండో వారంలో నాలుగుకి. ఆ నాలుగింటిలో ఒకటి లెక్కల సారుది, ఆయనది కళ్ళజోడు తంటా. నెలాఖరున పెద్ద మేడమ్ వచ్చి, రిజిస్టరు చూసి, బరువుల యంత్రం మీద ఎక్కి దిగి, "ప్రశ్నపత్రాలు నా గదిలోనే పెట్టుకుంటాను. ఈ యంత్రాన్ని మాత్రం బాగుచేయించండి," అని వెళ్ళిపోయింది. నర్సమ్మ తలుపు మూసి, ఖాళీ మంచం మీద కూర్చుని తనివితీరా నవ్వుకుంది.

ఆ మధ్యాహ్నమే ఆటల పోటీలు. పిల్లలు కూర్చోవడానికి క్లాసుల్లో బెంచీలన్నీ మైదానం చుట్టూ వేశారు. ఎనిమిది వందల మీటర్లకి సైకిల్ గీత దగ్గర నిలబడింది. మొదటి చుట్టు మూడో స్థానంలో తిరిగింది. రెండో చుట్టు మొదలవుతుండగా తొమ్మిదో క్లాసు బెంచీల వైపు నుంచి వినపడింది. టక టక, టక్.

నర్సమ్మకి ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ చెవులు మెలిపెట్టడానికి లేచి నాలుగడుగులు వేసింది కూడా. అప్పుడు వాళ్ళ మొహాలు కనపడ్డాయి. కుర్రాళ్ళు లేచి నిలబడి, గొంతులు చించుకుని ఆ పిల్లని పిలుస్తూ, రెండు చేతులా బెంచీలు వాయిస్తున్నారు. ఆడపిల్లలూ వాయిస్తున్నారు. ఎనిమిదో క్లాసు అందుకుంది, పదో క్లాసు అందుకుంది. మైదానమంతా దరువైపోయింది. ఆ చప్పుడు చెవిన పడగానే సైకిల్ ఒక్క క్షణం తల ఎత్తింది. తర్వాత ఆ అడుగులకి ఆ దరువే తోడైంది. మలుపులో ఒకరిని దాటింది. ఆఖరి ముప్పై గజాల్లో రెండోదాన్ని దాటింది. రిబ్బను తెంపాక కూడా ఆగలేక ఇంకో ఇరవై అడుగులు పోయింది. తానూ పక్కనున్న బెంచీని బాదుతున్నానని నర్సమ్మకి తర్వాత గానీ తెలియలేదు. అరచేతులు రెండూ కందిపోయాయి.

వరండా చివర కుళాయి పక్కన సీసాలు పెట్టుకోవడానికి ఒక అర వెలిసింది. మూడు ఎర్ర చెక్కలూ కలిపి వడ్రంగి బిగించినదే. రంగు గీకేస్తానంటే నర్సమ్మ ఒప్పుకోలేదు, అక్షరాలు అలాగే కనపడుతూ ఉండాలంది. సైకిల్ మెడలో పతకంతో, చెమటతో అక్కడికి వచ్చి, కుళాయి దగ్గరున్న నర్సమ్మకి ఖాళీ సీసా చాపింది.

"అయిపోయాయండీ."

నర్సమ్మ సీసా అంచు దాకా నింపి ఇచ్చింది. ఆ పిల్ల అక్కడే నిలబడి, గటగటా సగం తాగేసి, మూత బిగించి, సీసాని ఎర్ర చెక్కల మీద పెట్టింది. తర్వాత ఎవరినీ ఏమీ అడక్కుండా, వట్టి చేతులు ఊపుకుంటూ, ఆరు కిటికీల ముందు నుంచి బాత్‌రూమ్ వైపు నడిచి వెళ్ళింది.